కరెంటు కారుతో పాలమూరులో ఏడాదిన్నర

పోయినేడు మార్చి చివర్లో ఒక రాత్రి పదకొండు గంటలప్పుడు, మా ఇంటి వెనక ఎర్తింగ్ గుంత దగ్గర బకెట్ నీళ్లతో నిలబడ్డాను. కారు చార్జింగ్ ఎక్కడం లేదు. గన్ (కారుకు గుచ్చే చార్జింగ్ ప్లగ్గు) పెట్టిన ప్రతిసారీ గోడ మీది చార్జర్‌లో ఎర్ర లైటు వస్తోంది. బ్యాటరీలో 19 శాతమే ఉంది. తెల్లారితే పదో తరగతి పరీక్షల డ్యూటీ, ఎనిమిదింటికల్లా సెంటర్‌లో ఉండాలి. ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేస్తే నిద్రలోంచి లేచి, "సార్, ఎండలకు లోపల మట్టి ఎండిపోయింటది. గుంతల రెండు బకెట్లు నీళ్లు పోసి అర్ధగంట ఆగుండ్రి, మళ్ల పెట్టి చూడుండ్రి" అన్నాడు. పోశాను. నీళ్లు బుడబుడమంటూ పైపు పక్కనుంచి ఇంకిపోయాయి, పాత ఉప్పు వాసన వచ్చింది. అర్ధగంటకు గన్ పెడితే టక్‌మని లోపల రిలే పడ్డ చప్పుడు, వెంటనే పచ్చ లైటు. అప్పుడుగానీ నాకు నిద్ర పట్టలేదు.

ఏడాదిన్నరలో 31 వేల కిలోమీటర్లు తిరిగాక ఈ కారు గురించి ఎవరు అడిగినా ముందు ఆ గుంత సంగతే చెబుతున్నాను. షోరూంలో కారు చూపిస్తారు, రేంజి, అంటే ఒకసారి నిండితే ఎంత దూరం పోతుందో చెబుతారు, స్క్రీన్ ఎంత పెద్దదో చూపిస్తారు. మన ఇంటి కరెంటు ఎలా ఉందో చూసుకోమని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. నాకు ఈ కారుతో వచ్చిన ఇబ్బందుల్లో సగానికి పైగా కారువి కావు, మా ఇంటి వైరింగువి.

నేను ఉండేది మహబూబ్‌నగర్ టౌన్‌లో. మరికల్ దాటాక ఒక ఊళ్లో జెడ్పీ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. పోను 40, రాను 40 కిలోమీటర్లు. అంతకుముందు తొమ్మిదేళ్లు డీజిల్ కారులో తిరిగాను. 2024 నవంబరు 18 నుంచి రాష్ట్రంలో కరెంటు బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా తీసేస్తూ జీవో వచ్చింది. 2026 డిసెంబరు 31 వరకు అది అమల్లో ఉంటుంది. నేను కొన్న ధరకు ట్యాక్స్ కట్టాల్సి వస్తే రెండు లక్షలు దాటేది. అప్పటిదాకా ఊగిసలాడుతున్నవాణ్ణి, డిసెంబరులో తీసేసుకున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. బ్యాటరీ సుమారు 40 యూనిట్లది, ఐదుగురు కూర్చునే మామూలు సైజు కారు. ఈ రకం కారు ఏది కొన్నా మన దగ్గర అనుభవం దాదాపు ఇలాగే ఉంటుంది.

మొదటి ప్రయాణం హైదరాబాద్ షోరూం నుంచి ఇంటికి, వంద కిలోమీటర్లు. డెలివరీ ఇచ్చేటప్పుడు బ్యాటరీ 62 శాతం ఉంది. "సరిపోతుంది సార్" అన్నారు. సరిపోతుందని లెక్క ప్రకారం నాకూ తెలుసు. అయినా శంషాబాద్ దాటినప్పటి నుంచి కళ్లు రోడ్డు మీద కంటే ఆ అంకె మీదే ఎక్కువ ఉన్నాయి. రాయికల్ టోల్ దగ్గర 41. జడ్చర్ల ఫ్లైఓవర్ ఎక్కేసరికి 30. మా ఆవిడ నా టెన్షన్ చూసి, "చలికాలమే కదా, ఏసీ ఆపేసి అద్దాలు దించుకుందాం" అంది. అలాగే చేశాం. ఇంటి ముందు ఆపినప్పుడు 24 ఉంది. ఏసీ గంటకు తినేది సుమారు ఒక యూనిట్. హైవే వేగంలో అద్దాలు దించితే గాలి ఒత్తిడికి పోయేది కూడా తక్కువేమీ కాదు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఎండాకాలంలో ఏసీ పూర్తిగా నడిచినా పదింట ఒక వంతు మించి రేంజి పడిపోలేదు. దానికోసం చెమటలో కూర్చోవాల్సిన అవసరం లేదు.

ఇంటి దగ్గర అమ్మను ఎక్కించుకుని వీధి చివరి గుడి దాకా తీసుకెళ్లాను. కూర్చుని, బెల్టు పెట్టుకుని, కాసేపు చూసి, "బండి చాలూ అయిందా లేదా రా?" అంది. అప్పటికే గేటు దాటాం. ఇంజిన్ చప్పుడు లేకపోతే ఎంత వినబడుతుందో మొదటి వారంలో తెలిసింది. టైరు కింద కంకర నలగడం, సందు మలుపులో ఎవరో పిల్లవాణ్ణి పిలవడం, డాష్‌బోర్డు అరలో పెట్టిన తాళాలు కదలడం కూడా చెవిన పడతాయి. సాయంత్రం బడి నుంచి వచ్చేటప్పుడు ఒళ్లు నొప్పులు తగ్గాయి. గేర్లు, క్లచ్ లేవు, కింద నుంచి ఆ వణుకు లేదు. తొమ్మిదేళ్లుగా నా ఎడమ మోకాలు ఎంత పనిచేసిందో అది ఆగాకే తెలిసింది.

చప్పుడు లేకపోవడంలో ఒక ప్రమాదం కూడా ఉంది. దేవరకద్ర దాటాక రోడ్డు మీదికి గొర్రెల మందలు రోజూ వస్తాయి. డీజిల్ కారు వస్తుంటే వంద గజాల ముందే చెవులు నిక్కబొడుచుకుని పక్కకు జరిగేవి. ఇప్పుడు నేను వాటి మధ్యకు వచ్చేదాకా వాటికి తెలియదు. నిదానంగా పోయేటప్పుడు కారు చేసే చిన్న గూయిమనే చప్పుడు వాటికి ఆనదు. కొన్న రెండో వారం ఒక గొర్రెపిల్ల ముందు చక్రానికి జానెడు దూరంలో నిలబడిపోయింది. బ్రేకు మీద కాలు పెట్టి అలాగే ఉండిపోయాను. గొంగడి భుజాన వేసుకున్న పెద్దాయన వచ్చి పిల్లను చంకకెత్తుకుని, "సప్పుడు లేకుంటె ఎట్ల సారూ, జీవాలకు తెలువదు గద" అన్నాడు. కోపంగా అనలేదు, ఉన్నమాటే అన్నాడు. అప్పటినుంచి మంద కనబడగానే దూరంగా ఆగి, అద్దం దించి కేకేస్తున్నాను. హారన్ కొడితే బెదిరి చెల్లాచెదురవుతాయి. మనిషి గొంతుకైతే తోవ ఇస్తాయి. బడి గేటు దగ్గర కూడా అంతే, పిల్లలు వెనక్కి తిరిగి చూడరు. కొత్తగా కొన్నవాళ్లు ఈ ఒక్క విషయంలో జాగ్రత్తగా ఉండండి.

ఇంకో కొత్త విషయం, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే కారు తనంతట తనే నెమ్మదించడం. అప్పుడు మోటారు జనరేటర్‌లా తిరిగి కరెంటును బ్యాటరీకి పంపుతుంది. దాన్ని ఎక్కువ స్థాయిలో పెట్టి నడిపితే నాకు బాగుండేది, వెనక కూర్చున్న అమ్మకు మాత్రం కడుపులో తిప్పేది. ఆమె ఉంటే తక్కువలో పెడతాను. ఒక్కణ్ణే ఉంటే ఎక్కువలో. 31 వేల కిలోమీటర్లకు బ్రేకు ప్యాడ్లు దాదాపు కొత్తవాటిలాగే ఉన్నాయి. ముందు టైర్లు మాత్రం 28 వేలకే అరిగిపోయాయి. కారు బరువెక్కువ, పైగా కాలు మోపగానే చక్రాల మీద బలం ఒక్కసారిగా పడుతుంది. పత్తి ట్రాక్టర్లను దాటేటప్పుడు ఆ బలమే ఎంతో ధైర్యం ఇస్తుంది కాబట్టి టైర్ల ఖర్చును నేను తప్పుగా అనుకోవడం లేదు.

ఇక కరెంటు సంగతి. మొదటి రెండు నెలలు కారుతో ఇచ్చిన చిన్న చార్జర్‌ను వరండాలోని 15 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టాను. గీజరు నడిచే సాకెట్ కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. గీజరు పావుగంట నడుస్తుంది. కారు మూడు కిలోవాట్లకు పైగా పదేసి గంటలు లాగుతుంది. ఒక రోజు పొద్దున ప్లగ్ తీస్తే చేతికి చురుక్కుమంది. సాకెట్ మూతి చుట్టూ గోధుమరంగు మచ్చ. కాలిన ప్లాస్టిక్ వాసన. ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. మీటరు దగ్గర నుంచి విడిగా లైను లాగి, లోడు ఎక్కువైతే కరెంటు ఆపేయడానికి దానికి వేరే ఎంసీబీ, షాక్ కొట్టకుండా ఆర్‌సీసీబీ పెట్టాడు. కాంట్రాక్ట్ లోడ్ పెంచడానికి దరఖాస్తు చేసి, 7.2 కిలోవాట్ల గోడ చార్జర్ పెట్టించుకున్నాను. దానితో ఆరేడు గంటల్లో నిండుతుంది. నిజానికి రోజుకు 80 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు రాత్రికి నాలుగైదు గంటలు చాలు, చిన్న చార్జరే సరిపోతుంది. కానీ విడి లైను, మంచి వైరు తప్పనిసరి.

ఎర్తింగ్ మాత్రం అప్పటికి పాతదే ఉంచాం. ఇల్లు కట్టినప్పటిది. మా వీధిలో నాలుగడుగులు తవ్వితే రాయి తగులుతుంది, అందుకని గుంత పైపైనే తీసినట్టున్నారు. నేలలో తడి ఉన్నంత కాలం చార్జర్ ఏమీ అనలేదు. మార్చిలో మట్టి ఎండగానే ఎర్ర లైటు మొదలైంది. ఎర్త్ సరిగా లేకపోతే చార్జర్ కరెంటును కారులోకి వదలదు. అది చెడిపోవడం కాదు, కారు ఇనుప ఒంటిని ముట్టుకున్న మనిషికి షాక్ తగలకుండా కాపాడటం. ఆ వేసవంతా వారానికి రెండుసార్లు నీళ్లు పోస్తూ గడిపి, జూన్‌లో రాయి కొట్టించి ఎనిమిదడుగుల లోతుకు కొత్త గుంత తీయించాను. రాగి రాడ్డు దించి, చుట్టూ తేమ పట్టి ఉంచే పొడి నింపారు. ఈ ఏడాది మేలో కూడా ఎర్ర లైటు ఒక్కసారీ రాలేదు.

ఖర్చు లెక్క చెబుతాను. బడికి పోయొచ్చే 80 కిలోమీటర్లకు గోడ నుంచి పదమూడున్నర యూనిట్లు తీసుకుంటోంది. నష్టాలు కూడా కలిపిన లెక్క ఇది. కారు వల్ల నెలకు 300 యూనిట్ల దాకా ఎక్కువ కాలుతున్నాయి కాబట్టి స్లాబు మారిపోయి, యూనిట్‌కు సుమారు 9 రూపాయలు పడుతోంది. అంటే కిలోమీటరుకు రూపాయిన్నర. డీజిల్‌కు నెలకు పది వేల దగ్గర పెట్టేవాణ్ణి, ఇప్పుడు రెండు వేల ఏడు వందలు. బయట ఫాస్ట్ చార్జింగ్‌లో జీఎస్టీతో కలిపి యూనిట్‌కు 20 రూపాయలు దాటుతుంది. బయటే ఎక్కువగా చార్జ్ చేసుకోవాల్సినవాళ్లకు ఈ లెక్క ఇంత అందంగా రాదు.

మా బడి అటెండర్ ఒక రోజు పక్కకు పిలిచి, "సార్, మాకు గృహజ్యోతి జీరో బిల్లు వస్తది. కరెంటు స్కూటీ కొంటే అది పోతదా?" అని అడిగాడు. ఇద్దరం కూర్చుని అతని బిల్లు చూశాం. ఇంటికి 110 యూనిట్లు కాలుతున్నాయి. స్కూటీకి నెలకు పాతిక, ముప్పై. రెండూ కలిపినా ఆ పథకం ఉచితంగా ఇచ్చే 200 యూనిట్ల లోపే. అతను కొన్నాడు. కారు ఉన్న ఇల్లు మాత్రం ఆ 200 దగ్గర ఆగదు.

రేంజి గురించి అందరూ అడుగుతారు. కాగితం మీద నాలుగు వందలకు పైనే రాసి ఉంటుంది. నాకు టౌన్‌లో, బడి దారిలో 270, 280 వస్తోంది. హైవే మీద అది పూర్తిగా వేగాన్ని బట్టే. రెండుసార్లు అలంపురం పోయిన అనుభవం చెబుతాను. భూత్పూర్ దగ్గర 44వ నంబరు హైవే ఎక్కి, కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి వంతెన మీదుగా పోను రాను సుమారు 240 కిలోమీటర్లు. మొదటిసారి అమ్మను జోగులాంబ దర్శనానికి తీసుకెళ్లాను. 80 దాటలేదు. ఎక్కడా చార్జింగ్ పెట్టకుండా 11 శాతంతో ఇల్లు చేరాం. రెండోసారి ఆలస్యమైందని నూరు, నూట అయిదులో పోయాం. వెనక్కి వస్తూ పెబ్బేరు దాటాక చూస్తే 17 శాతమే ఉంది. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందని ఇరవై ఏళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను. దాన్ని నా కారులో శాతాల్లో చూడటం అదే మొదటిసారి.

ఆ రాత్రి యాప్‌లో "ఖాళీగా ఉంది" అని చూపిన స్టేషన్‌కు పోతే గన్ పనిచేయలేదు. అక్కడ టీ కొట్టు పిల్లవాడు, "మొన్న వానకు పోయింది సార్, ఇంక ఎవ్వరు రాలే" అన్నాడు. 50 వేగంతో, ఏసీ ఆపి, ఇంకో పదిహేను కిలోమీటర్లు పోతే ఒక బంకులో గన్ పనిచేస్తోంది, కానీ ముందు ఇంకో కారు ఉంది. నలభై నిమిషాలు ఆగాం. మా పాప వెనక సీట్లో నిద్రపోయింది. ఆ కారాయన నా 10 శాతం చూసి, తనకు సరిపోయినంత ఎక్కగానే ముందే తీసేసి, "మీరు పెట్టుకోండన్నా" అన్నాడు. ఆయన ఎవరో తెలియదు, ఆ మాట మాత్రం మరిచిపోను. అప్పటినుంచి దూరం పోయేటప్పుడు రెండు నియమాలు పెట్టుకున్నాను. 25 శాతం ఉండగానే ఆగాలి. ఆ స్టేషన్‌లో అదే రోజు ఎవరైనా చార్జ్ చేసుకున్నారా అని యాప్‌లో చూసుకోవాలి. జడ్చర్ల, షాద్‌నగర్ వైపు కొంచెం నయం. నారాయణపేట, మక్తల్ వైపు వెళ్లేటప్పుడు ఇంటి దగ్గర నిండా పెట్టుకునే బయలుదేరుతాను.

శ్రీశైలం ప్రయాణం మాత్రం ఈ కారు కోసమే పెట్టినట్టు ఉంది. కార్తీకంలో తెల్లవారుజామున బయలుదేరి నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా మన్ననూరు చేరేసరికి రాత్రి మూసిన అటవీ చెక్‌పోస్టు తెరిచారు. అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అడవి. ఎలాగూ నిదానంగానే పోవాలి, అందుకే బ్యాటరీ చాలా తక్కువ తిన్నది. అద్దాలు దించాం. ఒక మలుపు దగ్గర ఆపితే కోతుల అరుపులు, ఆకుల మీద మంచు బొట్లు పడే చప్పుడు మాత్రమే. అమ్మ అప్పటిదాకా మాట్లాడుతున్నదల్లా ఆగిపోయి వింటూ కూర్చుంది. ఈగలపెంట దాటి డ్యాం వైపు దిగుతుంటే 36 శాతం కాస్తా 38 అయింది. పాప "నాన్నా, పెరుగుతోంది!" అని అరిచింది. అవతల గుడి వైపు ఎక్కేటప్పుడు ఆ రెండూ పోయాయనుకోండి. ఒక మాట గుర్తుంచుకోండి, బ్యాటరీ నూటికి నూరు నిండి ఉన్నప్పుడు ఈ దిగుడు కరెంటును తీసుకోదు, కాలు తీసినా కారు అంతగా ఆగదు. ఘాట్ దిగేముందు అది తెలిసి ఉండాలి. రాత్రి దిగిన సత్రంలో గది సాకెట్‌కు పెడితే ఎర్ర లైటు, అక్కడా ఎర్తే. మేనేజరు మంచి మనిషి, జనరేటర్ గది దగ్గర ఇంకో సాకెట్ చూపించాడు. రెండు వందలు ఇచ్చాను. పొద్దునకు 96 శాతం.

ఒక్కసారి మాత్రం కారు నన్ను బడి దగ్గరే ఆపేసింది. పెద్ద బ్యాటరీలో 70 శాతం ఉంది, తలుపు కూడా తెరుచుకోలేదు. పెద్దదాన్ని మేల్కొలపాలంటే మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉండాలి. అది చచ్చిపోయింది. ఊళ్లో ట్రాక్టర్ మెకానిక్‌కు ఇలాంటి కారు ముట్టుకోవాలంటే భయం. తాళంలో దాచిన మామూలు చెవితో తలుపు తీసి, కారు పుస్తకంలో బొమ్మ చూపించి, ఇద్దరం కలిసి ట్రాక్టర్ బ్యాటరీ నుంచి వైర్లు కలిపాం. లేచింది. మరుసటి రోజు చిన్న బ్యాటరీ మార్పించాను. డీజిల్ కారులాగా నెట్టి స్టార్ట్ చేద్దామని చూడకండి, అది కుదరదు.

బ్యాటరీ ఆరోగ్యం గురించి నాకు పెద్దగా దిగులు లేదు. నా కారులోది ఎల్‌ఎఫ్‌పి (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం, మిగతా రకాల కంటే వేడిని బాగా తట్టుకుంటుంది. ఎనిమిదేళ్ల వారంటీ ఉంది. ఈ రకానికి వారానికి ఒకసారి వంద శాతం పెట్టాలి. లేకపోతే ఎంత మిగిలిందో కారుకే సరిగా తెలియదు. నేను పట్టించుకోని ఒక నెలలో 22 శాతం చూపిస్తూ ఉన్నది ఒక్కసారిగా 15కు పడింది.

తొమ్మిదో తరగతి పిల్లలను నలుగురి చొప్పున ఎక్కించి శక్తి పాఠం చెప్పాను. స్క్రీన్ మీద బాణం బ్యాటరీ నుంచి చక్రానికి, చక్రం నుంచి బ్యాటరీకి తిరుగుతుంటే పుస్తకం అవసరం రాలేదు. ఒకమ్మాయి, "సార్, ఈ బ్యాటరీ మన దివిటిపల్లిల చేసిందేనా?" అని అడిగింది. అక్కడ అమరరాజా వాళ్ల పెద్ద బ్యాటరీ పరిశ్రమకు 2023 మేలో శంకుస్థాపన జరిగింది, హైవే మీద పోయేటప్పుడు చూస్తూనే ఉంటాం. కాదమ్మా, మన దేశంలో తిరిగే కరెంటు కార్లలో చాలావాటి బ్యాటరీ సెల్స్ ఇంకా చైనా నుంచే వస్తున్నాయి అని చెప్పాను. ఆమె తాత ప్రాజెక్టుల కాలువలు తవ్వడానికి బొంబాయి దాకా వలసపోయినవాడు. ఆ పిల్ల ఆ ప్రశ్న అడిగినందుకు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

పోయిన నెల మా లెక్కల సారు తనూ కొంటానన్నాడు. బుకింగ్‌కు డబ్బులు కట్టే ముందు మీ ఇంటికి ఒకసారి వస్తానని చెప్పి, మా ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య మీటరు పెట్టి చూస్తే 11 వోల్టులు. మూడు లోపు ఉండాలంటాడు మా ఎలక్ట్రీషియన్. లెక్కల సారు నా వైపు చూశాడు. ఆదివారం గుంత తవ్వడానికి మనిషి వస్తున్నాడు, బుకింగ్ ఆ తర్వాతే.